వెయ్యిమంది సారథులు, ఒక్కటే తాళంచెవి

2009 జనవరి 7, బుధవారం. పొద్దున్న పదకొండు దాటాక, తాము పనిచేస్తున్న సత్యం కంప్యూటర్స్ పరిస్థితి ఏమిటో ఉద్యోగుల్లో చాలామందికి టీవీ చూస్తేగానీ తెలియలేదు. చైర్మన్ బి. రామలింగరాజు తమ బోర్డుకు ఉత్తరం రాసి, స్టాక్ ఎక్స్ఛేంజీలకూ సెబీకీ నకళ్లు పంపారు. పుస్తకాల్లో చూపిస్తున్న 5,361 కోట్ల రూపాయల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేనేలేవన్నారు. సెప్టెంబర్‌తో ముగిసిన మూడు నెలలకు 2,700 కోట్ల ఆదాయం, దాని మీద 24 శాతం మార్జిన్ అని చాటుకున్నాం గానీ, వచ్చింది 2,112 కోట్లు, మిగిలింది 3 శాతం అని ఒప్పుకున్నారు. ముందురోజు 179 రూపాయలున్న షేరు సాయంత్రానికి 40 రూపాయలైంది.

పులి మీద స్వారీ మాట ఆ ఉత్తరంలోదే. దిగితే మింగేస్తుందేమోనని దిగలేకపోయానన్నారాయన. మర్నాడు పేపర్లన్నీ ఆ పులి తోకే పట్టుకున్నాయి. ఉత్తరం చివర్లో ఉన్న ఇంకో సంగతిని పట్టించుకున్నవాళ్లు తక్కువ. సంక్షోభం నుంచి కంపెనీని గట్టెక్కించడానికి కొన్నాళ్ల కిందటే సీనియర్లతో ఒక టాస్క్‌ఫోర్స్ వేశామని, వ్యాపార విభాగాల నుంచి కొందరూ, హెచ్ఆర్ వంటి సహాయక విభాగాల నుంచి కొందరూ అందులో ఉన్నారని, దానికి సీనియర్ అధికారి రామ్ మైనంపాటిని అధ్యక్షుడిగా పెట్టమని పేర్లతో సహా రాశారు. వీళ్లెవరికీ అసలు లెక్క తెలియదని కూడా చేర్చారు. అంటే బండిని ఇన్నాళ్లూ నడిపినవాళ్లు వేరు, ఇంధనం ఎంతుందో తెలిసినవాళ్లు వేరు. సత్యం కథలో మలుపులన్నీ ఈ ఒక్క వాక్యం చుట్టూనే తిరుగుతాయి.

1987 జూన్‌లో సికింద్రాబాద్‌లో పట్టుమని ఇరవై మందితో మొదలైన కంపెనీ అది. అప్పటికి హైటెక్ సిటీ అన్న పేరే పుట్టలేదు. సైబర్ టవర్స్ తలుపులు తెరుచుకున్నది 1998లో. సత్యానికి తొలి పెద్ద అమెరికన్ ఖాతాదారు 1991లో దొరికిన జాన్ డీర్, ట్రాక్టర్ల కంపెనీ. ఎక్కడో ఇండియాలో కూర్చుని తమ ప్రోగ్రాములు రాస్తామంటే వాళ్లు నమ్మలేదట. అప్పుడు సత్యం మనుషులు డీర్ ఆఫీసుకు దగ్గరలోనే మకాం పెట్టి, ఎదురుపడకుండా, ఇండియాలో ఉన్నట్టే పనిచేసి చూపించారని ఐటీ పాతకాపులు ఇప్పటికీ కథగా చెప్పుకుంటారు. 1992లో పబ్లిక్ ఇష్యూ, 2001లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదు. 2008 నాటికి రెండు వందల కోట్ల డాలర్ల ఆదాయం, యాభై వేల మందికి పైగా ఉద్యోగులు. కోస్తాలోనూ తెలంగాణలోనూ సంబంధాలు చూసే పెద్దలకు ‘అబ్బాయి సత్యంలో’ అన్న రెండు ముక్కలు సరిపోయే రోజులవి.

ఈ పెరుగుదలను సాధ్యం చేసిన పద్ధతి ఒకటుంది. ఇప్పుడు దాని పేరు ఎత్తేవాళ్లు లేరు. కంపెనీని చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కను పూర్తి వ్యాపారంగా లెక్కగట్టి, దానికి ఒక నాయకుణ్ణి పెట్టేవారు. ఖాతాదారును తేవడం, పని చేయించడం, మనుషుల్ని తీసుకోవడం, లాభనష్టాలు చూసుకోవడం, అన్నీ అతని బాధ్యతే. ‘ఫుల్ లైఫ్ సైకిల్ లీడర్’ అనేవారు. అలాంటి నాయకులు వెయ్యికి పైనే ఉండేవారు. ఉద్యోగి అనకూడదు, ‘అసోసియేట్’ అనాలి. నాయకుల్ని తయారుచేయడానికి సత్యం స్కూల్ ఆఫ్ లీడర్‌షిప్ పెట్టారు. సిబ్బంది శిక్షణలో ప్రపంచంలోకెల్లా మొదటి స్థానం సత్యానిదేనని 2007లో అమెరికాలోని ఏఎస్‌టీడీ అనే శిక్షణ నిపుణుల సంఘం ప్రకటించింది.

ఇదంతా బూటకమని కొట్టిపారేయడం తేలిక. ఆ తర్వాత చాలామంది చేసింది అదే. కానీ అది సగమే నిజం. ప్రాజెక్టులు అందాయి, ఖాతాదారులు నిలిచారు, ఫార్చ్యూన్ 500 జాబితాలోని కంపెనీల్లో 185 దాకా సత్యంతో పని చేయించుకున్నాయి. 2010 ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌కు ఐటీ సేవలందించే ఒప్పందం ఫిఫా దగ్గర దక్కించుకుంది. ముక్కల నాయకులు నిజంగానే తమ ముక్కల్ని నడిపారు. పంచుకోనిది ఒక్కటే: మొత్తం కూడిక. ఎవరి ముక్క లెక్క వారికి తెలుసు, అన్ని ముక్కలూ కలిపితే బ్యాంకులో ఎంత ఉండాలో మాత్రం ఫైనాన్స్ గదిలోని కొద్దిమందికే తెలుసు.

దొంగ లెక్క ఎలా దాగిందో చూస్తే ఈ పంపకం ఎంత పనికొచ్చిందో అర్థమవుతుంది. సీబీఐ దర్యాప్తులో 7,561 నకిలీ ఇన్వాయిస్‌లు బయటపడ్డాయి. బిల్లుల కంప్యూటర్ వ్యవస్థలోకి ప్రత్యేక అధికారంతో వెళ్లి వాటిని పుట్టించారు. మిగతా విభాగాలకు కనబడనివ్వకుండా ‘దాచు’ అన్న గుర్తు పెట్టారు. లేని పని చేసినట్టు బిల్లు పుడుతుంది, అది ఆదాయంలో చేరుతుంది, ఆ పని ఎవరి ముక్కలో జరిగినట్టు చూపారో ఆ నాయకుడి కంటికి మాత్రం అది ఆనదు. ఆదాయం పెరిగిందంటే డబ్బు ఎక్కడో ఉండాలి కదా. దానికి ఫిక్స్‌డ్ డిపాజిట్ల కాగితాలు, బ్యాంకులే ఇచ్చినట్టు ధ్రువపత్రాలు తయారయ్యాయి. ఆడిటర్లు ప్రైస్ వాటర్‌హౌస్ వారు వాటినే చూసి సంతకాలు పెట్టారు. పని అంతమందికి పంచి ఉండబట్టే, అదంతా ఒక్కచోట కూడితే తప్ప కనబడని తప్పు అన్నేళ్లు చెల్లింది.

ఇక పైనున్న బోర్డు. పేర్లు చదివితే ఏ విశ్వవిద్యాలయ స్నాతకోత్సవానికో వచ్చిన అతిథుల పట్టికలా ఉంటుంది. కార్పొరేట్ పాలన మీద పాఠాలు చెప్పే హార్వర్డ్ ప్రొఫెసర్ కృష్ణ పాలెపు, హైదరాబాద్ ఐఎస్‌బీ డీన్ ఎం. రామ్మోహన్ రావు, పెంటియం చిప్‌తో పేరొందిన వినోద్ ధామ్, కేంద్రంలో క్యాబినెట్ కార్యదర్శిగా చేసిన టి.ఆర్. ప్రసాద్, ఐఐటీ ఢిల్లీ మాజీ డైరెక్టర్ వి.ఎస్. రాజు. 2008 సెప్టెంబర్‌లో మంచి కార్పొరేట్ పాలనకు ఇచ్చే గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా సత్యానికే వచ్చింది. తర్వాత వెనక్కి తీసుకున్నారనుకోండి.

ఆ బోర్డు ముందుకు 2008 డిసెంబర్ 16న ఒక ప్రతిపాదన వచ్చింది. చైర్మన్ కుటుంబానికి చెందిన మేటాస్ ప్రాపర్టీస్, మేటాస్ ఇన్‌ఫ్రా అనే కంపెనీలను 160 కోట్ల డాలర్లు పోసి సత్యం కొనాలి. ఒకటి స్థలాలది, ఇంకోటి కట్టడాలది. ‘సత్యం’ ఇంగ్లిష్ అక్షరాలను వెనక నుంచి చదివితే ‘మేటాస్’ వస్తుందని అప్పటికి పిల్లలకు కూడా తెలుసు. బోర్డు సరేనంది. మదుపరులు అననివ్వలేదు. న్యూయార్క్‌లో షేరు ఒక్కరోజులో సగానికి పైగా పడిపోయింది, తెల్లారేలోగా ఒప్పందం రద్దయింది. పుస్తకాల్లో మాత్రమే ఉన్న డబ్బు స్థానంలో నిజమైన ఆస్తుల్ని పెట్టడానికి అదే ఆఖరి ప్రయత్నమని మూడు వారాల తర్వాత ఉత్తరంలో రాజే రాశారు. ఈలోగా ప్రపంచ బ్యాంకు సత్యాన్ని ఎనిమిదేళ్ల పాటు వెలివేసిన సంగతి బయటికొచ్చింది. డిసెంబర్ చివరి వారంలో స్వతంత్ర డైరెక్టర్లు నలుగురు ఒకరి వెనక ఒకరు తప్పుకున్నారు.

జనవరి 9న రామలింగరాజు, ఆయన సోదరుడు పోలీసుల అదుపులోకి వెళ్లారు. అదే రోజు కేంద్రం కంపెనీ లా బోర్డు ఉత్తర్వుతో సత్యం బోర్డును రద్దు చేసింది. ఖజానాలో డబ్బు పెట్టడానికి మాత్రం ప్రభుత్వం ముందుకు రాలేదు. ఇచ్చింది మనుషుల్ని. ఆదివారం, 11వ తేదీన ముగ్గురిని వేశారు: హెచ్‌డీఎఫ్‌సీ చైర్మన్ దీపక్ పరేఖ్, ఐటీ కంపెనీల సంఘం నాస్కామ్ మాజీ అధ్యక్షుడు కిరణ్ కార్నిక్, సెక్యూరిటీస్ అప్పిలేట్ ట్రిబ్యునల్‌కు అధ్యక్షత వహించిన సి. అచ్యుతన్. మర్నాడే హైదరాబాద్‌లో సమావేశమయ్యారు. నాలుగు రోజులకు మరో ముగ్గురు చేరారు: పరిశ్రమల సమాఖ్య సీఐఐ నుంచి తరుణ్ దాస్, ఎల్ఐసీ నుంచి ఎస్. బాలకృష్ణ మైనాక్, చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ మాజీ అధ్యక్షుడు టి.ఎన్. మనోహరన్.

ఈ ఎంపికలోనే తెలివి ఉంది. ఆరుగురిలో సాఫ్ట్‌వేర్ కంపెనీని నడిపిన అనుభవం ఎవరికీ లేదు. కానీ ఆ మూడు నెలల్లో పుట్టే ప్రశ్నలకు తలా ఒక జవాబు ఉంది. బ్యాంకర్లు పరేఖ్ ఫోన్ ఎత్తుతారు. ఐటీ ఖాతాదారులకూ పోటీ కంపెనీలకూ కార్నిక్ తెలిసిన ముఖం. సెబీ నిబంధనల చిక్కుముడులు అచ్యుతన్‌కు వెన్నతో పెట్టిన విద్య. పుస్తకాలు తిరగేయడానికి మనోహరన్. పరిశ్రమతో, ఢిల్లీతో మాటామంతీకి తరుణ్ దాస్. ఇందులో మొదటి బోర్డుకూ రెండో బోర్డుకూ తేడా ఏమిటని అడిగితే, పేరుప్రతిష్ఠల్లో ఏమీ లేదు. మొదటివాళ్లు తమ ముందుకొచ్చిన కాగితం చదివారు. రెండోవాళ్లు కాగితం ఎక్కడ పుట్టిందో వెతుక్కుంటూ వెళ్లాల్సి వచ్చింది. పరిస్థితి వాళ్లకు వేరే దారి మిగల్చలేదన్నదీ నిజమే.

మొదటి సమస్య జనవరి జీతాలు. నెలకు వందల కోట్ల ఖర్చు, చేతిలో ఉన్న డబ్బు ఎంతో ఎవరికీ రూఢిగా తెలియదు. పాత లెక్కల్ని నమ్మడానికి లేదు, కొత్తవి తేలడానికి నెలలు పడుతుంది. ఆ పనిని కేపీఎంజీకి, డెలాయిట్‌కు అప్పగించారు. ఈలోగా చేయగలిగింది ఖాతాదారుల నుంచి రావలసిన బాకీలు వసూలు చేయడమే. ఇక్కడే ఆ ముక్కల నాయకులు అక్కరకొచ్చారు. ఏ ఖాతాదారు ఎంత ఇవ్వాలో, ఎవరితో మాట్లాడితే త్వరగా వస్తుందో హెడ్డాఫీసుకన్నా వాళ్లకే బాగా తెలుసు. జనవరి జీతాలు ఖాతాల్లో పడ్డాయి. ఆ తర్వాత 600 కోట్ల రూపాయల బ్యాంకు అప్పు కుదిరింది.

రెండో సమస్య కుర్చీ. బయటి నుంచి పేరున్న సీఈఓను తేవాలా, లోపలివాళ్లనే పెట్టాలా? కళంకం అంటిన ఇంట్లోంచే మళ్లీ మనిషిని తీస్తే లోకం ఏమంటుందన్న శంక సహజం. ఫిబ్రవరి 5న బోర్డు ఎ.ఎస్. మూర్తిని సీఈఓ చేసింది. 1994 నుంచి సత్యంలో ఉన్న మనిషి. ప్రాజెక్టులు నడిచే వైపు నుంచి వచ్చినవాడు, డబ్బు లెక్కల వైపు నుంచి కాదు. ఆయనకు సాయంగా ఇద్దరు పెద్దల్ని ప్రత్యేక సలహాదారులుగా పెట్టారు. ఒకరు టాటా కెమికల్స్‌ను నడిపిన హోమీ ఖుస్రోఖాన్, మరొకరు మురుగప్ప గ్రూపులో ఫైనాన్స్ చూసిన పార్థో దత్తా. అంటే ఒక్కరే మోసిన బరువును మూడు భుజాల మీదికి మార్చారు: పని తెలిసినవాడు ఒకరు, యాజమాన్యం తెలిసినవాడు ఒకరు, డబ్బు తెలిసినవాడు ఒకరు. ముగ్గురూ బోర్డుకు జవాబుదారులు.

ఆ రోజుల్లో సత్యం ప్రాజెక్టు మేనేజర్లకు సాయంత్రం పని ఒకటే, అమెరికా మేలుకునేసరికి ఫోన్ దగ్గర ఉండడం. అందరినీ ఆపలేకపోయారు. బీమా సంస్థ స్టేట్ ఫార్మ్ వంటి పెద్ద ఖాతాదారులు వెళ్లిపోయారు. ఆగినవాళ్లు చాలామంది ఆగడానికి కారణం హైదరాబాద్ బోర్డు గదిలో లేదు. వాళ్ల సర్వర్ల పక్కన ఏళ్ల తరబడి కూర్చున్న మనిషి మర్నాడు కూడా వచ్చి కూర్చున్నాడు, అంతే. ఆరుగురు మహానుభావులు వచ్చి కంపెనీని కాపాడారన్న కథ మనకు నచ్చుతుంది. సినిమా కథలా ఉంటుంది మరి. ఆ ఆరుగురి కృషి తక్కువది కాదు, మనోహరన్‌కు తర్వాత పద్మశ్రీ కూడా దక్కింది. కానీ కింద వెయ్యిమందికి సొంతంగా పని నడపడం అలవాటై ఉండకపోతే, పైన ఆరుగురు కాదు అరవై మంది వచ్చినా అమ్మడానికి కంపెనీయే మిగిలేది కాదు. రాజు పెట్టిన పద్ధతే రాజు తర్వాత కంపెనీని నిలబెట్టిందన్నది మింగుడుపడని మాటే అయినా అనక తప్పదు.

మూడో పని కొనేవాళ్లను వెతకడం. లెక్కలు తేలని కంపెనీని వేలం వేయడం దేశంలో అప్పటిదాకా ఎరగని పని. దీనికోసం టేకోవర్ నిబంధనల్ని సెబీ సవరించింది. వేలం సవ్యంగా సాగేలా చూడడానికి సుప్రీంకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి ఎస్.పి. భరుచాను పెట్టుకున్నారు. ఏప్రిల్ 13న కవర్లు తెరిచారు. టెక్ మహీంద్రా షేరుకు 58 రూపాయలు, ఎల్ అండ్ టీ 45 రూపాయల 90 పైసలు, అమెరికన్ మదుపరి విల్బర్ రాస్ 20 రూపాయలు. రెండో బిడ్ మొదటిదానికి 90 శాతం దగ్గరికి వచ్చి ఉంటే మళ్లీ పాట పాడించాలన్నది నియమం. అంత దూరం వెళ్లలేదు. అప్పటికే 12 శాతం షేర్లు కొని పెట్టుకున్న ఎల్ అండ్ టీకి అది చేదు సాయంత్రమే. 31 శాతం వాటాకు టెక్ మహీంద్రా 1,750 కోట్లకు పైగా చెల్లించింది. తనకన్నా రెట్టింపు ఆదాయమున్న కంపెనీని కొన్నది, అదీ లోపల ఏముందో పూర్తిగా చూడకుండా. బ్రిటిష్ టెలికాం మీదే ఎక్కువగా ఆధారపడిన ఆ సంస్థకు బ్యాంకులు, ఫ్యాక్టరీలు, బీమా కంపెనీలు ఒక్కసారిగా ఖాతాదారులయ్యాయి.

జూన్‌లో పేరు మహీంద్రా సత్యం అయింది. సి.పి. గుర్నానీ సీఈఓగా వచ్చారు. మూర్తి కుర్చీ దిగి టెక్నాలజీ అధిపతిగా అదే కంపెనీలో కొనసాగారు. సీఈఓగా చేసినవాళ్లు కింది హోదాలో ఉండిపోవడం మన కార్పొరేట్ లోకంలో అరుదు. దీన్ని ఆనాటి పత్రికలు అంతగా గమనించలేదు గానీ, లోపలివాళ్లకు అందిన సందేశం చిన్నది కాదు.

బరువు పంచుకోవడం అంటే అందరికీ సమానంగా పంచడమని కాదు. అదే జూన్‌లో ‘వర్చువల్ పూల్’ అనే పథకం వచ్చింది. ప్రాజెక్టు లేని వేలమందిని ఆరు నెలలు ఇంటికి పంపారు. బేసిక్ జీతం, పీఎఫ్, వైద్య బీమా ఇస్తారు, మిగతావి ఉండవు. పని పడితే పిలుస్తారు, లేదా వేరేచోట వెతుక్కోవచ్చు. ఉద్యోగం తీసేయడం కన్నా నయమే. అయినా మాదాపూర్, కొండాపూర్‌లలో ఫ్లాటు వాయిదాలు కడుతున్న కుర్రాళ్లకు ఆ నయం ఎంత చల్లగా తగిలిందో ఊహించుకోవచ్చు. బోర్డు గదుల్లో జరిగిన మేలును పుస్తకాలు రాశాయి. ఈ ఆరు నెలల సంగతి అపార్ట్‌మెంట్ గేట్ల దగ్గరే నిలిచిపోయింది.

సత్యం పక్కనే పుట్టిన మరో సంస్థ కూడా ఆ ఏడాది యజమాని మారింది. 2005 ఆగస్టు 15న రాజు కుటుంబం చేయూతతో మొదలైన 108 అంబులెన్సు సేవను జీవీకే గ్రూపు అందుకుంది. జనవరిలో చైర్మన్ జైలుకు వెళ్లినా అంబులెన్సులు తిరగడం ఆగలేదు. రోజువారీ నడక నిర్వాహకుల చేతుల్లో ఉండడం, ఖర్చు ప్రభుత్వం భరించడం దీనికి కారణం. ఇప్పటికీ పల్లెల్లో దాన్ని సత్యం బండి అని ఎవరూ అనరు, నూటెనిమిది అంటారు.

నిజమైన లెక్కలు 2010 సెప్టెంబర్ ఆఖరులో బయటికొచ్చాయి. వాటి కోసం దాదాపు ఇరవై నెలలు పట్టింది. అదే ఏడాది జూన్, జులైలలో దక్షిణాఫ్రికాలో ఫుట్‌బాల్ ప్రపంచ కప్ జరిగింది. సత్యం ఒప్పుకున్న పనిని మహీంద్రా సత్యం చేసిపెట్టింది. అమెరికా మదుపరులతో వ్యాజ్యాన్ని 2011లో 12.5 కోట్ల డాలర్లకు పరిష్కరించుకుంది. 2013 జూన్‌లో కంపెనీ టెక్ మహీంద్రాలో కలిసిపోయి సత్యం అన్న పేరు మాసిపోయింది. 2015 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లోని సీబీఐ ప్రత్యేక కోర్టు రామలింగరాజు, ఆయన సోదరులు, ఫైనాన్స్ అధిపతి, అంతర్గత ఆడిటర్, ఇద్దరు బయటి ఆడిటర్లు సహా పదిమందికి ఏడేళ్ల జైలు శిక్ష వేసింది. నెల తిరిగేసరికి పై కోర్టు శిక్షను నిలిపి బెయిలిచ్చింది. ఆ పదిమంది జాబితా చదివితే ఒకటి కొట్టొచ్చినట్టు కనబడుతుంది: చైర్మన్ కుటుంబం, ఫైనాన్స్, ఆడిట్. ఖాతాదారుల ప్రాజెక్టులు నడిపినవాళ్లలో ఒక్కరి పేరూ లేదు.

నగరానికి ఉత్తరాన బహదూర్‌పల్లిలో సత్యం కట్టుకున్న పెద్ద ప్రాంగణం ఇప్పుడు మహీంద్రా వారిది. 2014లో అక్కడ ఒక ఇంజనీరింగ్ కాలేజీ తెరిచారు, 2020లో అది మహీంద్రా యూనివర్సిటీ అయింది. ఒకప్పుడు ‘అసోసియేట్లు’ తిరిగిన దారుల్లో ఇప్పుడు విద్యార్థులు తిరుగుతున్నారు. 2009లో వీళ్లలో చాలామంది బడి మెట్లు కూడా ఎక్కలేదు.